ఇలకూర మొలిచే నేలను బీడు అని రాయకండి: వృక్షశాస్త్రవేత్తలకు, జీవవైవిధ్య అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వృక్షశాస్త్రవేత్తలకు, పోషకాహార శాస్త్రవేత్తలకు, జీవవైవిధ్య రిజిస్టర్లు, తీరప్రాంత భూముల రికార్డులు చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ముప్పై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యాను. పుట్టింది మాత్రం దివిసీమలో, పోటు వచ్చినప్పుడు కాలవ నీళ్లు ఉప్పగా మారిపోయే ఊళ్లో. ఆ ఉప్పు నేలల్లో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పెట్టకుండా పెరిగే ఇలకూర, దానిలాంటి చక్రవర్తికూర కుటుంబం మొక్కల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇదే విషయం మీద రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టాను. మొదటిసారి ఇన్‌వార్డ్ నంబరు వేసి ఇచ్చారు. రెండోసారి వెళితే ఫైలు కనబడలేదన్నారు. మూడోసారి ఒక అధికారి నన్ను కూర్చోబెట్టి, నేను తీసుకెళ్లిన ఫొటోలు అన్నీ ఓపిగ్గా చూసి, "మాస్టారూ, ఇవి పిచ్చిమొక్కలండీ. చౌడు నేలలో ఏముంటుంది చెప్పండి? పైగా ఇది ఆంధ్రా విషయం, మా పరిధిలోకి రాదు" అన్నారు. సరేనని అటు రాస్తే, పరిశోధనంతా హైదరాబాద్‌లోనే జరుగుతుంది, అక్కడే అడగండని జవాబు. అది కూడా ఫోన్లో చెప్పారు, కాగితం మీద కాదు. ఆ అధికారి మీద నాకు కోపం లేదు. మర్యాదగానే మాట్లాడారు. ఏ ఆఫీసో రాయడం కూడా నా ఉద్దేశం కాదు. ఆయన నోట అలవాటుగా వచ్చేసిన "పిచ్చిమొక్కలు" అన్న మాట దగ్గరే నాకు మనసు ఆగిపోయింది. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాను.

ముందు ఆ మొక్క ఏమిటో చెప్పాలి.

మేం ఇలకూర అంటాం. శాస్త్రీయ నామం సుయెడా మారిటిమా. దీని ఆకు మామూలు ఆకులా పల్చగా, వెడల్పుగా ఉండదు. అగ్గిపుల్లలా సన్నగా, గుండ్రంగా, లోపల నీళ్లు నిండి ఉంటుంది. గోరుతో గిల్లితే చుక్క కారుతుంది, నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. వానల తర్వాత పచ్చగా ఉంటుంది. ఎండలు ముదిరేకొద్దీ బీట్‌రూట్ రంగుకి తిరుగుతుంది. బీట్‌రూట్‌తో పోల్చడం ఊరికే కాదు, రెండిటికీ ఆ ఎరుపు బీటాలైన్లు అనే రంగుపదార్థాల వల్లే వస్తుంది. రెండూ ఒకే కుటుంబం. దాని పక్కనే బురదలో ఆకులే లేకుండా కణుపు కణుపుగా లేచే సాలికోర్నియా ఉంటుంది. కాస్త ఎత్తు నేల మీద సుయెడా న్యూడిఫ్లోరా, మనిషెత్తు పొదగా పెరిగే సుయెడా మొనోయికా ఉంటాయి. పాత పుస్తకాల్లో వీటి కుటుంబం పేరు చినోపోడియేసీ. 1998లో వచ్చిన కొత్త వర్గీకరణ దాన్ని తోటకూర కుటుంబంలో కలిపింది. మనం రోజూ తినే పాలకూర, ఈమధ్య హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో ప్యాకెట్లలో దొరుకుతున్న క్వినోవా, రైతుబజార్లో కట్టలు కట్టి అమ్మే చక్రవర్తికూర, అన్నీ దీనికి చుట్టాలే.

మా అమ్మమ్మ ఇలకూరకి వెళ్లేటప్పుడు కొడవలి పట్టుకెళ్లేది కాదు. పైన రెండు వేళ్ల పొడవు లేత కొసలు మాత్రం గిల్లేది, కింద కొమ్మ వదిలేస్తే మళ్లీ చిగురేస్తుందని. ఒడి నిండా తెచ్చి, ఇసుక పోయేదాకా మూడు నాలుగు నీళ్లు కడిగి, ఉడకబెట్టి, ఆ నీళ్లు పారబోసి, గుప్పిట్లో గట్టిగా పిండి, కందిపప్పులోనో ఎండురొయ్యల్లోనో వేసేది. ఆ పూట ఉప్పు డబ్బా మూత తీసే పని లేదు. ఉడికిన నీళ్లు ఎందుకు పారబోస్తావని అడిగితే "కడుపులో పడదురా" అనేది. ఆ నీళ్లతో పాటు మిగులు ఉప్పు, ఈ కుటుంబం మొక్కల్లో ఎక్కువగా ఉండే, కిడ్నీలో రాళ్లకి దారితీసే ఆక్సలేట్లు చాలావరకు పోతాయని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. ఆమె ఒక్క తరగతీ చదవలేదు.

ఇది మా ఇంటి ముచ్చట మాత్రమే అనుకుంటారేమో. కాదు. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడిగా వచ్చి 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉండి మొక్కల మీద పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ ఈ కూర గురించి తెలుగు పేరుతో సహా రాసి పెట్టాడు. సముద్రం దగ్గర ఉండే అన్ని వర్గాలవాళ్లూ దీన్ని తింటారని, ఒంటికి మంచిదని నమ్ముతారని రాశాడు. అంతకంటే పెద్ద మాట ఇంకోటి రాశాడు. 1791, 92, 93 సంవత్సరాల కరువులో ఈ ఆకు ఒక్కటే వేల ప్రాణాలు కాపాడిందని, మొక్క దొరికినన్నాళ్లూ తీరంలోని బీదవాళ్లకు తినడానికి ఇంచుమించు వేరే ఏమీ లేదని. పుర్రెల కరువని చరిత్రలో పేరుపడ్డ కరువు అది. కళ్లారా చూసినవాడు రాసిన మాట. అన్ని ప్రాణాలు నిలబెట్టిన మొక్కను ఇవాళ పిచ్చిమొక్క అంటుంటే నోరు మూసుకుని ఉండలేకపోతున్నాను.

1977 నవంబర్ 19 ఉప్పెన నాటికి నాకు పదమూడేళ్లు. దివిసీమలో, చుట్టుపక్కల పది వేల మందికి పైగా పోయారు. ఆ వివరాల్లోకి వెళ్లను, వెళ్లలేను కూడా. నీళ్లు తీశాక పొలాల మీద తెల్లగా పొర మిగిలింది. ఆ ఏడు మా చేలో వరి నారు వేస్తే ఎర్రబడి చచ్చిపోయింది. గట్టు పక్కన, ఆ తెల్ల పొరను చీల్చుకుని మొదట లేచిన పచ్చదనం ఇలకూర. మా నాన్న దాని పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. ఆ చిగురే చూసి నేను బోటనీ తీసుకున్నాను.

ఇక అసలు విషయానికి వస్తాను.

రెవెన్యూ కాగితాల్లో ఈ నేలను చౌడు అనో, బీడు అనో, బంజరు అనో రాస్తారు. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా తయారయ్యే వేస్ట్‌ల్యాండ్ అట్లాస్‌లో కూడా ఉప్పు బారిన భూములు ఒక వర్గం, చిత్తడి నేలలు ఇంకో వర్గం. పంట పండని భూమి ఎంతుందో తెలుసుకోవడానికి చేసిన లెక్క అది, దాని పని దానిది. కానీ కాగితం మీద బీడు అని పడ్డాక ఆ నేలలో ఏముందని ఎవరూ దిగి చూడరు. ఏదో ఒకటి చేసి దాన్ని "ఉపయోగంలోకి" తేవాలన్న ఆలోచన అక్కడి నుంచే మొదలవుతుంది. ఆ ఒక్క మాట వల్ల ఎవరికి ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. భూమి లేనివాళ్ల కూర పోతోంది. మా ఊరి వెనక, పెద్ద కాలవకీ సముద్రానికీ మధ్య, ఇలకూర పరుచుకున్న దిబ్బ ఒకటి ఉండేది. అది ఎవరి పట్టా కాదు కాబట్టే అందరిదీ. యానాది కుటుంబాల ఆడవాళ్లు పీతలకి వెళ్తూ దారిలో కూర కోసుకునేవాళ్లు. పనుల్లేని రోజుల్లో, వేట మీద నిషేధం ఉన్న రోజుల్లో పొయ్యి మీదకి వచ్చేది అదే. 1990ల మొదట్లో టైగర్ రొయ్య జోరు మీద ఉన్నప్పుడు ఆ దిబ్బలో సగం చెరువులైంది. తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులు పోయాక, ఆ నేల ఎందుకూ కొరగాకుండా గట్లతో అలాగే మిగిలింది. తర్వాత వనామీ అనే ఇంకో రకం రొయ్య వచ్చి మళ్లీ తవ్వారు. రొయ్యల రైతును నేను తప్పు పట్టను, అప్పుల్లో మునిగినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు. తీరంలో చెరువుల మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2005లో చట్టం వచ్చింది. ఆ గొడవంతా నీళ్ల గురించి, చెరువుల గురించి నడిచింది గానీ చెరువు కింద పడిపోయిన కూర గురించి ఎవరూ అడగలేదు. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు చూశాను, మా చిన్నప్పటి పక్కింటి పిన్ని, డెబ్బై దాటిన మనిషి, గుప్పెడు ఇలకూర కోసం వల కట్టిన కంచె చుట్టూ తిరిగి కాలవ అవతలి గట్టు దాకా నడిచి వెళ్తోంది. "మీ ఊళ్లో దొరుకుతుందా నాయనా?" అని నన్నడిగింది. హైదరాబాద్‌లో అన్నీ దొరుకుతాయని ఆమె నమ్మకం.

2. చేపకి, పీతకి చోటు పోతోంది. పోటు నీళ్లు ఈ మొక్కల మధ్యకి వచ్చి వెళ్లినప్పుడు చిన్న చేపలు, రొయ్యపిల్లలు అక్కడ తలదాచుకుంటాయి, మేస్తాయి. చిన్న వల వేసుకుని బతికేవాడికి ఇది పుస్తకం చెప్పక్కర్లేదు.

3. ఉప్పు పొలాల మీదకి వస్తోంది. ఈ మొక్కలు నేలను కప్పి ఉంచుతాయి, ఎండ నేరుగా తగలనివ్వవు. వాటిని దున్నేస్తే నేల ఎండి, లోపలి ఉప్పు పైకి తేలి, వేసవి గాలికి దుమ్మై లేస్తుంది. పక్క రైతు పొలంలో దిగుబడి తగ్గితే విత్తనాన్ని, ఎరువును అనుమానిస్తాడు. గట్టు అవతల ఏం పోయిందో ఆయనకి చెప్పేవాళ్లు లేరు.

4. మంచి ఉద్దేశంతోనే నష్టం జరిగే ప్రమాదం ఉంది. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను, ఎందుకంటే మడ అడవులంటే నాకూ ప్రాణం. కోరంగి అభయారణ్యానికి ఎన్నిసార్లు విద్యార్థులను తీసుకెళ్లానో లెక్కలేదు. 2023లో కేంద్రం మిష్టి పథకం మొదలుపెట్టాక మడ మొక్కలు నాటడానికి ఖాళీ జాగాల కోసం వెతుకుతున్నారు. ఇలకూర నేల వాళ్లకి ఖాళీ జాగాలాగే కనబడుతుంది. ఒకప్పుడు మడ అడవి ఉండి, నీటి దారులు పూడిపోయి ఉప్పెక్కిన చోట కాలవలు తీసి మళ్లీ నాటడం సరైన పనే, అది గోదావరి, కృష్ణా తీరాల్లో చేసి చూపించారు కూడా. కానీ మొదటి నుంచీ ఉప్పు మొక్కలదే అయిన నేలలో గుంటలు తీసి మడ నారు పెడితే, నారు బతకదు, ఉన్న మొక్కా చస్తుంది. ఏది పాడైన మడ అడవో, ఏది సహజమైన ఉప్పు చిత్తడో తేల్చి చెప్పగలిగింది మీరే. చెప్పకుండా మౌనంగా ఉంటే నాటేవాళ్ల తప్పు కాదు.

5. చదువు పోతోంది. ఉప్పు నీళ్లు తాగి ఎలా బతుకుతున్నాయో ఈ మొక్కలు కణంలోపలే చూపిస్తాయి. ఉప్పులోని సోడియంను మిగతా కణానికి తగలకుండా, కణం లోపల నీళ్ల సంచిలా ఉండే రిక్తికలో దాచుకుంటాయి, అందుకే ఆకు ఉబ్బుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి ముప్పై అయిదు గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది. వరి అందులో పదో వంతుకే తల వాల్చేస్తుంది. ఇలకూర, సాలికోర్నియా పోటు నీళ్లలోనే నిలబడతాయి. గుజరాత్‌లో భావ్‌నగర్‌లోని ఉప్పు పరిశోధన సంస్థ సాలికోర్నియా నుంచి వంటకి వాడే ఉప్పే తయారుచేసింది. తమిళనాడు వేదారణ్యంలో ఉప్పు మొక్కల కోసం ప్రత్యేకంగా తోట పెంచారు. అంత పొడవు తీరం ఉన్న తెలుగువాళ్లం ఈ మొక్కల తెలుగు పేర్లు చెప్పగల పిల్లల్ని తయారుచేయలేకపోతున్నాం. నా క్లాసులో దక్షిణ అమెరికా క్వినోవా గురించి చెప్పగలిగినవాళ్లు ఉండేవారు, ఐక్యరాజ్యసమితి 2013ను దాని పేరున అంతర్జాతీయ సంవత్సరంగా జరిపింది కదా. ఇలకూర పేరు విన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండేవారు, వాళ్లూ మచిలీపట్నం వైపు పిల్లలే.

6. ఇది ఒక్క తీరం గొడవ కాదు. మెట్టచేలలో కలుపుగా వచ్చే చక్రవర్తికూరకీ ఇదే గతి పడుతోంది. జహీరాబాద్ వైపు మహిళా రైతులు చేలో తనంతట తాను వచ్చే కూరల్ని తిండిగా లెక్కపెడతారు. కలుపు మందు కొట్టిన చేలో ఆ కూర కోసుకోవడానికి లేదు. ఒకవేళ కోసుకుంటే అది ఇంకా ప్రమాదం.

చట్టం లేక ఈ పరిస్థితి రాలేదు. 2019 జనవరిలో వచ్చిన తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఉప్పు చిత్తడి నేలలు మడ అడవులతో సమానంగా, అత్యంత సున్నితమైన మొదటి వర్గంలోనే ఉన్నాయి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ కమిటీ ఉండాలి, అక్కడి మొక్కల గురించి, వాటి వాడకం గురించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. 2012 అక్టోబరులో ప్రపంచ జీవవైవిధ్య సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగింది. గచ్చిబౌలిలో బస్సు కండక్టరు "బయోడైవర్సిటీ, బయోడైవర్సిటీ" అని కేక వేస్తుంటే ఆ మాట ఇప్పటికీ రోజూ వింటూనే ఉన్నాం. ఆ మాటకి ఆతిథ్యం ఇచ్చిన నగరంలో కూర్చుని అడుగుతున్నాను కాబట్టి, అడిగే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

నేను కోరేవి ఇవి.

1. కృష్ణా, గోదావరి తీర మండలాల జీవవైవిధ్య రిజిస్టర్లలో ఈ కుటుంబం మొక్కలన్నీ తెలుగు పేర్లతో, ఏ నెలలో ఎవరు ఎందుకు కోస్తారో సహా ఎక్కించాలి. రాసేటప్పుడు ఆడవాళ్లను అడిగి రాయాలి. ఆఫీసులో కూర్చుని పాత జాబితా చూసి నింపితే మళ్లీ అదే కథ.

2. ఏ ఉప్పు నేలనైనా చెరువుకో, రోడ్డుకో, నాటడానికో ఇచ్చే ముందు ఒక వృక్షశాస్త్రవేత్త వానల తర్వాత ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి దిగి చూసి సంతకం పెట్టాలి. ఒక్క మే నెలలోనే చూసి ఏమీ లేదని రాయడం చెల్లదు. అప్పటికి ఇలకూర ఎండిపోయి, నల్లటి చిన్న విత్తనాలు మట్టిలో ఉంటాయి. రికార్డులో "బీడు" అన్న చోట "సహజ ఉప్పు చిత్తడి" అని రాయడానికి ఒక గడి పెట్టించండి.

3. ఇలకూరను పరీక్షించండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలు ప్రచురించింది. అందులో చక్రవర్తికూర ఉంది, ఇలకూర లేదు. పచ్చి ఆకులో ఎంత సోడియం, ఉడికించి పిండాక ఎంత, ఆక్సలేట్లు ఎంత అన్నది జనానికి తెలియాలి. ఇది సర్వరోగ నివారిణి అని నేను అనడం లేదు. బీపీ ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు జాగ్రత్తగా ఉండాల్సిన కూర ఇది. యూట్యూబ్‌లో ఎవరో ఏదో చెప్పకముందే మీరు నిజం చెప్పండి.

4. విత్తనాలు సేకరించి భద్రపరచండి. రాజేంద్రనగర్‌లో మొక్కల జన్యువనరుల కేంద్రం ఉంది, పంట విత్తనాలను దాచే పద్ధతి మీకు కొత్త కాదు. ప్రతి తీర జిల్లా నుంచీ, చెరువులు ఇంకా రాని చోట్ల నుంచి ముందు తీసుకోండి.

5. ఈ ఉత్తరానికి ముప్పై రోజుల్లో కాగితం మీద జవాబు ఇవ్వండి. ఇది ఏ రాష్ట్రం పని, ఏ శాఖ పని అన్నది మీలో మీరు మాట్లాడుకుని తేల్చుకుని, ఒక్క అధికారి పేరు, ఒక్క ఫైలు నంబరు చెప్పండి. మా పిన్నిలాంటివాళ్లకి విజయవాడకి, హైదరాబాద్‌కి తిరిగే ఓపిక లేదు. నాకూ వయసు మీద పడుతోంది.

కార్తీకం దాటాక ఇలకూర లేతగా ఉంటుంది. మీలో ఎవరు వస్తానన్నా నేను తీసుకెళ్తాను, ఖర్చు నాదే. హైదరాబాద్‌లో రాత్రి బస్సు ఎక్కితే పొద్దున్నకి అవనిగడ్డ. అక్కడి నుంచి ఆటోలో వెళ్లి, చివర కాస్త నడవాలి. చెప్పులు గట్టు మీదే వదిలేయాలి, బురదలో నిలవవు. పిన్ని కూర గిల్లడం చూపిస్తుంది, మధ్యాహ్నం భోజనం వాళ్లింట్లోనే. వచ్చేటప్పుడు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి, ఆమె చెప్పే పేర్లు చాలా ఉన్నాయి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బోటనీ లెక్చరర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్